షీటు చప్పుడు వినగానే మంచం కిందకు దూరుతున్నాడు

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. వయసు 34, ప్రైవేటు స్కూల్లో టీచర్. భర్త, ఏడేళ్ల పాప, అత్తగారు, నాలుగేళ్ల లాబ్రడార్ లడ్డు, అందరూ మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటారు. జనవరిలో లడ్డుకు తుమ్ములు మొదలై ముక్కు కారడం పట్టుకుంది. దగ్గర్లోని క్లినిక్‌లో జలుబు అనుకుని నెలకు పైగా యాంటీబయాటిక్స్ ఇచ్చారు, మధ్యలో రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా చేశారు. ఈలోగా దవడ కింద బిళ్ల కట్టింది, తల ఒక పక్కకు వాలింది, నడిస్తే తూలడం మొదలైంది. అప్పుడు వేరే డాక్టర్ ఆ బిళ్లలోంచి సూదితో శాంపిల్ తీసి, మైక్రోస్కోప్ కింద చూసి, ఇది క్రిప్టోకాకస్ అనే ఫంగస్ అని తేల్చారు.

వైద్యం మొదలై పది వారాలైంది. మొదటి ఆరు వారాలు ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు క్యాప్సూల్స్‌ను పెరుగన్నంలో పెట్టి తినిపించారు. వాంతులయ్యాయి, తిండి మానేశాడు, రక్తపరీక్షలో లివర్ అంకెలు పెరిగాయి. నాలుగు వారాలుగా దాని బదులు ఫ్లూకొనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు నడుస్తోంది. 31 కిలోలున్నవాడు 26కి వచ్చాడు. ఫంగస్ టైటర్ అనే పరీక్షలో మొదట 1:1024, ఇప్పుడు 1:256 వచ్చింది. ఇప్పటికి 80 వేలు ఖర్చయ్యాయి. "ఇంకా 256 ఉందంటే మందు పనిచేయట్లేదనేగా, వాణ్ని ఇలా చూడలేకపోతున్నా" అని భర్త అంటున్నారు. అత్తగారు కీళ్లవాతానికి ఆరేళ్లుగా మెథోట్రెక్సేట్, కొద్దిగా స్టెరాయిడ్ వాడుతున్నారు. జబ్బు తనకూ మనవరాలికీ అంటుతుందని, కుక్కను ఎక్కడికైనా పంపేయమని రోజూ అడుగుతున్నారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో 'బ్లాక్ ఫంగస్ కుక్క' అని పెట్టారు.

ఇంకో సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మామగారు పోయిన దగ్గర్నుంచి, మూడేళ్లుగా అత్తగారు పొద్దున్నే వెనక బాల్కనీలో పావురాలకు రెండు గుప్పిళ్లు జొన్నలు చల్లుతారు. లడ్డు మధ్యాహ్నం పడుకునేది అక్కడే. "ఇంటి దగ్గర పావురాలు ఉన్నాయా?" అని డాక్టర్ అడిగినప్పటి నుంచి ఈమెకు అత్తగారి ముఖం చూస్తే కోపం వస్తోంది. చివర్లో ఇలా రాశారు: "టాబ్లెట్ షీటు చప్పుడు వినగానే లడ్డు దివాన్ మంచం కిందకు దూరిపోతున్నాడు. నన్ను చూసి దాక్కుంటున్నాడు. నేను వాణ్ని బతికిస్తున్నానో హింసిస్తున్నానో తెలియట్లేదు. ఆపేయనా?"

సమాధానం

అమ్మా, ముందు ఆ టైటర్ కాగితం సంగతి చూద్దాం. మీ ఇంట్లో సగం గొడవ దాన్ని సరిగ్గా చదవకపోవడం వల్ల వచ్చింది.

ఆ పరీక్షలో రక్తంలోని సీరమ్‌ను రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు... ఇలా పలచన చేసుకుంటూ పోతారు. ఎన్ని ఇంతలు పలచన చేసేదాకా ఫంగస్ ఆనవాలు కనిపిస్తే, ఆ అంకె రాస్తారు. మొదట్లో 1024 ఇంతలు పలచన చేసినా కనిపించింది. ఇప్పుడు 256 దాటితే కనిపించట్లేదు. అంటే రెండు మెట్లు దిగి నాలుగో వంతుకు వచ్చింది. పైగా ఈ ఫంగస్ చుట్టూ జిగురులాంటి పొర ఉంటుంది, పరీక్షకు దొరికేది ఆ పొర ముక్కలే. ఫంగస్ చచ్చాక కూడా ఆ ముక్కలు ఒంట్లోంచి పోవడానికి టైమ్ పడుతుంది. అందుకే అంకె నెమ్మదిగా దిగుతుంది. ఈ జబ్బుకు మందు ఆరు నెలల నుంచి ఏడాది దాకా, మెదడుకు పాకితే ఇంకా ఎక్కువ కాలం వాడాల్సి వస్తుంది. టైటర్ పూర్తిగా పోయేదాకా ఆపరు. పది వారాలకు రెండు మెట్లు దిగడం మంచి కబురే. మీ వారికి ఇది చెప్పండి. వచ్చేసారి కూడా అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో చేయించండి. ఒక్క మెట్టు అటూ ఇటూ అయితే దానికే కంగారు పడొద్దు, పరీక్షలోనే ఆ మాత్రం తేడా ఉంటుంది.

కానీ రెండో అంకె బాగాలేదు. 31 నుంచి 26 అంటే ఒంట్లో ఆరో వంతు పోయింది. ఫంగస్ తగ్గుతోంది, దాంతోపాటు కుక్కా తగ్గిపోతోంది. అందుకే మీరు 'ఆపేయనా' అని అడిగినా, ఈ మూడు నాలుగు వారాలకు నాకు కనిపిస్తున్న అసలు పని లడ్డు చేత తినిపించడం.

దానికీ మంచం కింద దూరడానికీ సంబంధం ఉంది. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ తిండితో ఇస్తేనే ఒంటికి సరిగ్గా పడుతుంది, కాబట్టి మీరు పెరుగన్నంలో పెట్టడం తప్పు కాదు. అయితే ఆ మందుకు చాలా కుక్కలకు వికారం వస్తుంది. ఆరు వారాల పాటు గిన్నెలో పెరుగన్నం, ఆ వెంటనే కడుపులో తిప్పుడు. ఏ జీవి అయినా ఆ రెంటినీ కలిపే గుర్తుపెట్టుకుంటుంది. మందు మారినా గిన్నె మారలేదు, షీటు చప్పుడు మారలేదు. వాడు దాక్కుంటున్నది ఆ చప్పుడు నుంచి. దురదృష్టం కొద్దీ ఆ చప్పుడు మీ చేతిలోంచి వస్తోంది.

ఇప్పుడు మీకు ఒక వెసులుబాటు ఉంది. ఫ్లూకొనజోల్‌ను తిండితో కలిపి ఇవ్వాలన్న నియమం లేదు. ఖాళీ కడుపున వేసినా ఒంటికి పడుతుంది. అందుకని డాక్టర్‌కు ఒకమాట చెప్పి, తిండిని, మందును విడదీసేయండి. అన్నం గిన్నెలో ఇక ఎప్పుడూ టాబ్లెట్ పెట్టకండి, పొడి చేసి కూడా కలపకండి. గిన్నె కూడా మార్చండి. ఇన్నాళ్లూ స్టీలు గిన్నె అయితే ఒక పింగాణీ పళ్లెం కొనండి.

టాబ్లెట్లను వారానికి ఒకసారి, లడ్డు కిందకు వెళ్లినప్పుడు, షీటులోంచి తీసి మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టుకోండి. వేసేటప్పుడు పనీరో, ఉడికించిన గుడ్డు పచ్చసొనో మూడు చిన్న ముక్కలు తీసుకోండి. మొదటిది ఉత్తదే పెట్టండి. రెండోదాని లోపల టాబ్లెట్. అది నోట్లో ఉండగానే మూడోది కళ్ల ముందు చూపించండి. మూడోదాని కోసం రెండోదాన్ని నమలకుండా మింగేస్తాడు. ఇది మంచం దగ్గర వద్దు, వాకింగ్‌కి బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర చేయండి. ఈ పని మీ వారికి అప్పగించండి. ఆయన ఇప్పుడు దూరంగా నిలబడి చూసి బాధపడుతున్నారు. చేతిలో ఒక పని పడితే ఆ బాధ కొంత తగ్గుతుంది, మీ చేతికీ మందు పేరు పోతుంది. ఒక పూట మింగకపోతే పెనుగులాడకండి, అరగంట ఆగి మళ్లీ చూడండి. మంచం కింద నుంచి కాళ్లు పట్టి మాత్రం లాగొద్దు.

లడ్డు జబ్బు ముక్కులోనే మొదలైంది, వాసన తెలియకపోతే కుక్కకు ఆకలి పుట్టదు. తినిపించే ముందు గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో ముక్కు చుట్టూ అట్టలు తుడవండి. తిండిని కాస్త వెచ్చచేసి పెట్టండి, వాసన పైకి లేస్తుంది. రోజుకు రెండుసార్లు నిండుగా కాకుండా నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. మెత్తటి అన్నంలో గుడ్డో, ఉడికించిన కోడిమాంసమో వేసి పెట్టొచ్చు. ఉల్లి, వెల్లుల్లి పడిన చారు, కూర మాత్రం వద్దు, అవి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. పావుగంటలో తినకపోతే పళ్లెం తీసేయండి, ఎదురుగా పెట్టి బతిమాలకండి. వారానికి ఒకసారి క్లినిక్ తూకం మీద నిలబెట్టి బరువు రాసుకోండి.

ఇంత చేసినా ఎక్కకపోతే, వాంతి తగ్గించే మారోపిటెంట్, ఆకలి పుట్టించే మిర్టజపిన్ లాంటి మందులు ఉన్నాయి. లడ్డుకు ఇవ్వొచ్చేమో డాక్టర్‌ను మీరే అడగండి. రెండు రోజులు అసలేమీ తినకపోతే ఆగకుండా తీసుకెళ్లండి. మెడ పక్క నుంచి తిండి గొట్టం వేయడం అనే మార్గం కూడా ఉంది. వింటే భయమేస్తుంది, కానీ చాలా కుక్కలు దాంతోనే గట్టెక్కాయి. మందు కూడా అందులోంచే వెళ్తుంది కాబట్టి రోజూ యుద్ధం ఉండదు.

తూలే కుక్కకు నున్నటి టైల్స్ నరకం. పడుకునేచోటి నుంచి గిన్నె దాకా పాత జంపఖానాలో, గోనెపట్టాలో పరవండి. తల వాలు కొంత శాశ్వతంగా మిగిలిపోవచ్చు. అలా మిగిలినంత మాత్రాన జబ్బు తగ్గలేదని కాదు. ఆ వాలుతోనే ఏళ్ల తరబడి హాయిగా తిరిగే కుక్కలున్నాయి.

ఇప్పుడు అంటువ్యాధి సంగతి. మీ అత్తగారి భయాన్ని తీసిపారేయకండి. కుక్కల నుంచి మనుషులకు అంటుకునే ఫంగస్ నిజంగానే ఉంది, అది చర్మం మీద వచ్చే తామర. అది పిల్లలకు ఇట్టే అంటుకుంటుంది. ఆమె చూసిన ఫంగస్ అదే అయి ఉంటుంది. క్రిప్టోకాకస్ వేరు. అది నేల మీద, పక్షుల రెట్టలో, కొన్ని చెట్ల పుచ్చుల్లో పెరుగుతుంది. ఎండిన దుమ్ముతో కలిసి గాలిలోకి లేచినప్పుడు పీల్చినవాళ్లకు వస్తుంది. పక్కన పడుకున్నా, ముద్దు చేసినా కుక్క నుంచి మనిషికి రాదు. అయినా ముక్కు తుడిచేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, తర్వాత చేతులు కడుక్కోండి. వాట్సాప్ గ్రూపులో అన్న బ్లాక్ ఫంగస్ ఇది కానే కాదు. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయిన ఆ రోజులు ఎవరం మర్చిపోలేం కాబట్టి ఆ మాట అంత గట్టిగా తగులుతుంది. అది కూడా మనిషి నుంచి మనిషికి అంటలేదు. 'ఈ జబ్బు కుక్క నుంచి అంటదు' అని డాక్టర్ చేత రెండు లైన్లు రాయించి గ్రూపులో పెట్టండి, వాదనకు దిగకండి. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల్లోనే ఉంది. అవసరమైతేనే ఆ మాట ఎత్తండి.

ఇక పావురాలు. మీ ఉత్తరంలో ఈ పేరా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

లడ్డుకు ఆ బాల్కనీలోనే జబ్బు వచ్చిందని ఎవరూ రుజువు చేయలేరు. హైదరాబాద్‌లో పావురం లేని సజ్జ ఎక్కడుంది? ఈ ఫంగస్‌లో ఒక రకం నీలగిరి చెట్ల దగ్గర కూడా ఉంటుంది. వాకింగ్‌లో ఎక్కడ ముక్కు పెట్టాడో ఎవరికి తెలుసు? అందుకని 'మీ పావురాల వల్లే' అనే మాట నోటి దాకా వచ్చినా ఆపుకోండి. రుజువు లేని ఆ మాట, భర్తను తలచుకుంటూ జొన్నలు చల్లే ఆమెకు జీవితాంతం గుచ్చుకుంటుంది.

అలాగని మౌనంగా ఉండిపోవడం కూడా ప్రమాదమే. కారణం లడ్డు కాదు, మీ అత్తగారే. మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు. అవి వాడేవాళ్లకు రెట్ట దుమ్ములోంచి ఈ ఫంగస్ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఇది కాక, పావురాల రెట్ట, ఈకల దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు కూడా వస్తుంది. ఆమె భయపడుతున్న జబ్బు ఇంట్లోకి రాగలిగిన దారి ఆమె రోజూ నిలబడే చోటే ఉంది. మాట ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. "అత్తయ్యా, లడ్డును చూశాక నాకు మీ గురించే టెన్షన్‌గా ఉంది. మీరు వాడే మందులకు ఆ దుమ్ము మంచిది కాదట" అని చెప్పండి. మీ వారు పక్కన ఉంటే ఇంకా మంచిది. కీళ్ల డాక్టర్ దగ్గరకు ఈసారి వెళ్లినప్పుడు ఇంట్లో పావురాలున్నాయన్న సంగతి, కుక్క జబ్బు సంగతి చెప్పండి. డాక్టర్ నోటి నుంచి వస్తే ఆమె వింటారు. వారాల తరబడి తగ్గని తలనొప్పి, జ్వరం, దగ్గు ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఆమె మందులు మాత్రం సొంతంగా ఆపనివ్వకండి.

జొన్నలు మానిపించి ఊరుకుంటే ఆమె పొద్దుటిపూట ఖాళీ అయిపోతుంది. మామగారి పేరు మీద ఏదో ఒకటి ఆ చేతులతో జరగాలి. గుడి దగ్గర ఆవుకు గడ్డి పెట్టొచ్చు, గుమ్మం ముందు బియ్యప్పిండి ముగ్గు వేసి చీమలకు వదలొచ్చు. ఏది కావాలో ఆమెనే ఎంచుకోమనండి.

బాల్కనీని పొడిగా ఊడవొద్దు. బ్లీచింగ్ కలిపిన నీళ్లతో రెట్ట బాగా నానేదాకా తడిపి, గీకి, కవర్లో కట్టి పడేయాలి. చేసేవాళ్లు ఎన్95 మాస్క్, గ్లవ్స్ వేసుకోవాలి. అత్తగారు, పాప, లడ్డు ఆ పూట వేరే గదిలో తలుపు వేసుకుని ఉండాలి. దయచేసి ఈ పని మాస్క్ ఇవ్వకుండా పనిమనిషికి చెప్పకండి. ఆమె ఊపిరితిత్తులూ ఊపిరితిత్తులే. తర్వాత వల కట్టించండి, లడ్డు పడకను హాల్లోకి మార్చండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. మీ ముందు ఉన్న దారులు నాకు కనిపించినంత వరకు ఇవి.

ఇప్పుడున్నట్టే పూర్తి వైద్యం కొనసాగించొచ్చు. ఇందులో గట్టెక్కే అవకాశం ఎక్కువ, ఖర్చూ ఎక్కువ, ఇంకా నెలలు పడుతుంది. ఫ్లూకొనజోల్ మెదడుకూ కంటికీ బాగా చేరే మందు కాబట్టి తల వాలిన లడ్డుకు అది సరైనదే. కానీ అది కిడ్నీల ద్వారా బయటకు పోతుంది, లివర్ మీదా కొంత భారం వేస్తుంది. అందుకని మధ్యమధ్య రక్తపరీక్షలు తప్పవు.

లేదా ఖర్చు తగ్గించుకుని కొనసాగించొచ్చు. "నెలకు మేం ఇంతకంటే పెట్టలేం, ఇందులో ఏది తప్పనిసరి, ఏది వాయిదా వేయొచ్చు?" అని డాక్టర్‌ను సూటిగా అడగండి. ఇలా అడగడం నామోషీ కాదు. ఫ్లూకొనజోల్ జనరిక్‌లో చవకగా దొరుకుతుంది. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. పరీక్షలు అక్కడ చేయించి రిపోర్టులు మీ డాక్టర్‌కు చూపించొచ్చు. లైన్లో నిలబడాలి, స్కూలుకు సెలవు పెట్టాలి. పరీక్షలు మరీ తగ్గిస్తే లివర్, కిడ్నీ దెబ్బతిన్న సంగతి ఆలస్యంగా తెలిసే ప్రమాదం ఉంటుంది. మీ ఇంటి పరిస్థితికి నాకు ఇదే దగ్గరగా అనిపిస్తోంది.

పంపేయడం మూడోది. షెల్టర్లలో వందల జంతువుల మధ్య రోజూ టైమ్‌కు టాబ్లెట్, నాలుగుసార్లు వెచ్చటి తిండి ఎవరు పెడతారు? అది లడ్డుకు వైద్యం ఆపేసినట్టే. మీ పుట్టింట్లోనో, తెలిసినవాళ్ల దగ్గరో కొన్నాళ్లు ఉంచగలిగితే ఇంట్లో వేడి చల్లారుతుంది. కానీ వాళ్లకు అన్నీ వివరంగా చెప్పి, రాతపూర్వకంగా ఇచ్చి పంపాలి. అంటుతుందన్న భయంతో అయితే ఆ అవసరమే లేదు.

ఆపేయడం కూడా ఒక దారే. మధ్యలో ఆపితే ఈ జబ్బు దానంతటది తగ్గదు, మళ్లీ పెరుగుతుంది, మెదడులో పెరిగితే ఫిట్స్, చూపు పోవడం దాకా వెళ్తుంది. కాబట్టి ఆపాలంటే ఇంట్లో మీరు మానేయడం కాకుండా డాక్టర్‌తో కూర్చుని, నొప్పి లేకుండా చూసుకునే ఏర్పాటు చేసుకుని ఆపాలి. ఫిట్స్ మందులకు లొంగకపోతే, లేచి నిలబడలేకపోతే, అన్ని ప్రయత్నాల తర్వాతా నోట ముద్ద పట్టకపోతే, శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ గురించి మాట్లాడటం పాపం కాదు. ఆ మాట మీ వారు అంటే ప్రేమ లేదని అనుకోకండి. ఫిట్స్ వస్తే నోట్లో చెయ్యి పెట్టకండి, చుట్టూ వస్తువులు జరిపి టైమ్ చూడండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇవాళ నిర్ణయించకండి. నాలుగు వారాల తర్వాత ఒక ఆదివారం పెట్టుకోండి. ఆరోజు మీ ఇద్దరూ నాలుగు వారాల బరువులు, కొత్త రక్తపరీక్ష, లడ్డు మంచి రోజులు ఎన్ని, చెడ్డ రోజులు ఎన్ని అనేది ముందు పెట్టుకుని మాట్లాడండి. ఆ రోజులు లెక్కపెట్టే పని పాపకు ఇవ్వండి. లడ్డు తోక ఊపిన రోజు కేలెండర్లో నీలం చుక్క, తినని రోజు ఎర్ర చుక్క. పిల్లలకు ఏమీ చెప్పకుండా దాచడం కంటే ఇది నయం. ఆ ఆదివారం లోపు, తిండి అస్సలు ముట్టకపోవడం లాంటివి తప్ప, రాత్రి పదకొండింటికి గొడవపడి ఎవరూ తీర్పు చెప్పొద్దని ఇద్దరూ మాట ఇచ్చుకోండి.

జనవరి నెల గురించి కూడా మీరు రాశారు, నెలరోజులు జలుబు అనుకుని పోగొట్టామని. ఈ జబ్బు మొదట్లో జలుబులాగే ఉంటుంది. స్టెరాయిడ్ ఫంగస్‌కు ఊతమిచ్చి ఉండొచ్చు, కాదనను. అది ఇప్పుడు మీకు పనికొచ్చేది ఒక్కచోటే: ఇకపై ఏ క్లినిక్‌కు వెళ్లినా ముందే ఫంగస్ సంగతి చెప్పండి, మీ డాక్టర్‌ను అడగకుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఇంకే కొత్త మందూ వేయనివ్వకండి. ఫ్లూకొనజోల్ కొన్ని మందులతో కలిస్తే వాటి ప్రభావం పెరుగుతుంది.

రేపటి నుంచి సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక ఓ అరగంట ఆ దివాన్ పక్కన నేల మీద కూర్చోండి. చేతిలో టాబ్లెట్ వద్దు, తిండి గిన్నె వద్దు, దూది వద్దు. కాపీలు దిద్దుకోండి, ఫోన్ మాట్లాడుకోండి. లడ్డును పిలవకండి. మొదటి రెండు మూడు రోజులు రాకపోవచ్చు. వచ్చి తల మీ తొడ మీద పెడితే, ఆ వాలిన వైపు చెవి వెనక నెమ్మదిగా నిమరండి. నాలుగు వారాలయ్యాక అంకెలు నాకు రాయండి, అత్తగారి డాక్టర్ ఏమన్నారో కూడా.